పారావాని నిద్ర

వీరరసమనగా మన కవులకు కత్తుల ఖణఖణలే. రాత్రివేళ ఏమియు జరుగని చీకటిని చూచుచు నిలుచు పారాభటుని వారు తలపరు. అతనికి విసుగే పగతుడు. దానికి లోబడి కన్నుమూసెనా, మహాపరాధము! 1861లో అమెరికా అంతర్యుద్ధమున విలియం స్కాట్ అను భటునకు పారాలో నిద్రించినందుకు మరణదండన విధించిరి. తుదకు క్షమించి విడువగా, అతడు 1862లో రణరంగముననే నేలకొరిగెను. వాడు పిరికివాడని ఇప్పుడెవరందురు? మన 1950 నాటి సైనికశాసనమును ఈ నిద్రను నేరముగనే ఎన్నుచున్నది.

బ్రిటిషు శాస్త్రజ్ఞుడు నార్మన్ మాక్‌వర్త్ 1948లో ఒక పరిశోధనను ప్రకటించెను. గడియారమువంటి పలకపై ముల్లు అంగలంగలుగా కదలుచు, ఎప్పుడో ఒకసారి రెండంగలు దుముకును. దానిని కనిపెట్టుటయే పని. అరగంట గడచునప్పటికే చూచువారు పొరబడసాగిరి. కుర్చీలో కూర్చున్నవారి గతియే అది! మధ్యాహ్నము వ్యాకరణము చెప్పుచు మేమును కునుకు తీసియుంటిమి. మా శిష్యులు దయామయులు.

పారా తప్పిన శిబిరమంతయు చచ్చునందురా? ఒప్పుకొంటిమి. అట్లైన, రెండుగంటల వంతును సగమునకేల తగ్గింపరు? అందులకు మరికొందరు భటులు కావలయును, వారికి జీతములీయవలయును. శిక్షకు మాత్రము ఒక్క కాగితము చాలును.