గాలి కొట్టనిదే నీరు బాగుపడదా?

బరంపురంలో మురుగు మాట ఎత్తితే చాలు, చదువుకున్నవాళ్లదీ అదే పాట: నీటికి గాలి కొట్టాలి, గాలి తగలని నీరు కుళ్లి కంపు కొడుతుంది. ఇంజనీర్లు ఇదే మాటను కాస్త మర్యాదగా అంటారు: అడుగునుంచి నీరెక్కే యూఏఎస్‌బీ ట్యాంకులు పాతబడ్డాయి, ఇప్పుడంతా విడతలవారీగా గాలి కొట్టే ఎస్‌బీఆర్ అని. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల యూఏఎస్‌బీ ప్లాంటు కట్టిన హైదరాబాద్‌లోనే కొత్తవాటికి వచ్చేసరికి బ్లోయర్లదే రాజ్యం. నాకు ఈ తీర్పు మింగుడుపడదు.

గంజాం జిల్లావాళ్లం ఈ మాట అనడం మరీ వింత. బరంపురం పక్కనే మొహుదాలో ఉన్న గ్రామ్ వికాస్ సంస్థ 1980ల్లో, 90ల మొదట్లో ఒడిశా పల్లెల్లో 54 వేలకు పైగా గోబర్ గ్యాస్ ప్లాంట్లు కట్టించింది. గాలి చొరని గొయ్యిలో పేడ కుళ్లింది, వంటింట్లో పొయ్యి వెలిగింది. అప్పుడు లేని అసహ్యం ఇప్పుడెందుకు?

యూఏఎస్‌బీ ట్యాంకు ఆ గొయ్యికి చదువుకున్న తమ్ముడు. మురుగు అడుగునుంచి గంటకు సుమారు మీటరు లోపు వేగంతో పైకెక్కుతుంది. అది నీటితో పట్టిన చేట. విడివిడిగా తేలే సూక్ష్మజీవులు పొట్టులా కొట్టుకుపోతాయి, ఒకదాన్నొకటి అంటిపెట్టుకున్నవి గింజల్లా నిలుస్తాయి. నెలల తరబడి చెరగ్గా చెరగ్గా నువ్వుగింజంత, ఆవగింజంత నల్లటి గుళికలు తయారవుతాయి. 1970ల్లో నెదర్లాండ్స్‌లో గాట్జే లెట్టింగా బృందం చక్కెర దుంపల ఫ్యాక్టరీ నీటిమీద పనిచేస్తూ వీటి విలువ కనిపెట్టింది. ఆయన పేటెంటు తీసుకోలేదు. దీన్ని పొగిడే ఏజెంట్లు తక్కువవడానికి అదీ ఒక కారణమేమో!

గుళిక పై పొరల్లోని జీవులు చక్కెరల్ని, పిండిపదార్థాల్ని ఆమ్లాలుగా విరుస్తాయి. మరో జాతి ఆ ఆమ్లాల్ని అసిటేట్‌గా, హైడ్రోజన్‌గా మారుస్తుంది. కానీ హైడ్రోజన్ పోగుపడితే దాని పని ఆగిపోతుంది. మైక్రాన్ల దూరంలో కాచుకున్న మీథేన్ జీవులు ఆ హైడ్రోజన్‌ను పుట్టీపుట్టగానే తినేస్తాయి. లోపల పట్టుపోగుల్లా అల్లుకున్న మిథనోత్రిక్స్ అనే మీథేన్ జీవి అసిటేట్‌ను మీథేన్ చేస్తుంది, గుళికకు ఎముకల గూడూ అదే. అది రెట్టింపు కావడానికి రోజులు పడుతుంది. విడిగా ఉంటే ఎప్పుడో కొట్టుకుపోయేది. గుళికలో ఇరుక్కుంది కనుక నీరు గంటల్లో దాటిపోయినా తాను నెలలపాటు అక్కడే కాపురముంటుంది.

ఇక ఖర్చు. గాలి పద్ధతిలో కరెంటులో సగమో, అంతకు మించో బ్లోయర్లే తాగుతాయి. తిన్న మలినంలో దాదాపు సగం మళ్లీ బురదవుతుంది. గుళికల దగ్గర బురద పదో వంతు, పైగా కిలో సీఓడీకి, అంటే నీటిలోని ఆక్సిజన్‌ను మింగే మలినానికి, 0.35 ఘనపు మీటర్ల దాకా మీథేన్. ఇంటి మురుగులో సీఓడీ లీటరుకు కొన్ని వందల మిల్లీగ్రాములే. అస్కా చక్కెర మిల్లుకున్నటువంటి మొలాసిస్ డిస్టిలరీల వ్యర్థజలంలో అది లక్ష దాకా ఉంటుంది. దానికి గాలి కొట్టి బాగుచేస్తాననడం చెంబుతో చెరువు తోడటం.

మరి కాన్పూరులో యూఏఎస్‌బీ సరిగా పనిచేయలేదు కదా అంటారు. అక్కడి జాజ్‌మవ్‌లో తోళ్ల కర్మాగారాల నీటిని ఇంటి మురుగుతో కలిపి పంపారు. అందులోని సల్ఫేటును తినే జీవులు మీథేన్ జీవుల కూడు లాక్కుని, కుళ్లు గుడ్ల కంపు కొట్టే వాయువు వదుల్తాయి. పల్చటి ఇంటి మురుగులో గుళికలు సరిగా కట్టవు కూడా, వదులు బురదే ఎక్కువ. నత్రజని, రోగక్రిములు దాదాపు అలాగే దాటిపోతాయి. ఇవన్నీ ఒప్పుకుంటాను. చివర్లో కాస్త గాలి కొట్టడం, లేదా చెరువుల్లో నిలపడం తప్పదు. కానీ చిక్కటి నీటికి పుట్టినదానికి పల్చటి నీరు పోసి, తర్వాతి చెరువుల్ని గాలికొదిలేసి, తప్పు గుళికదంటే ఆడలేక మద్దెల ఓడన్నట్టే.

2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక ఈ ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. గాలిమీద బతికే బురద అన్నాళ్లు బ్లోయర్ ఆగితే బాగా దెబ్బతింటుంది. గుళిక అడుగున కూర్చుని మేత లేకుండా నెలలైనా నిద్రపోగలదు. చెరకు సీజను ముగిసి మిల్లు మూతపడినా అంతే. కొత్త ట్యాంకు మొదలెట్టాలంటే పక్క ప్లాంటు నుంచి ఆ గుళికల్నే ట్యాంకరులో తెచ్చి పోస్తారు, పాలకు తోడు వేసినట్టు.