బడిని ఏ లెక్క అడగాలి?

2009 అక్టోబరు మొదటి పది రోజుల్లో అమెరికాలో బడుల జమాఖర్చులు చూసే ఉద్యోగులు చాలామంది ఒకే గడి దగ్గర ఆగిపోయారు. ఉద్దీపన నిధుల వల్ల మీ దగ్గర ఎన్ని ఉద్యోగాలు కొత్తగా వచ్చాయి, ఎన్ని పోకుండా నిలిచాయి అని అడుగుతోంది ఆ గడి. ఖాళీగా వదలడానికి వీల్లేదు, అంకె వేయాల్సిందే.

ఆ ఏడాది ఫిబ్రవరి 17న అధ్యక్షుడు ఒబామా డెన్వర్‌లో రికవరీ చట్టం మీద సంతకం చేశారు. మాంద్యం నుంచి దేశాన్ని గట్టెక్కించడానికి 78,700 కోట్ల డాలర్ల ఉద్దీపన ప్యాకేజీ అది. అందులో దాదాపు 10 వేల కోట్ల డాలర్లు చదువుకు కేటాయించారు. అక్కడ బడులు నడిచేది ముఖ్యంగా రాష్ట్రాల పన్నుల మీద, స్థానికంగా ఇళ్లూ భూముల మీద వేసే పన్నుల మీద. ఇళ్ల ధరలు కుప్పకూలి, అమ్మకాలు పడిపోయి, రాష్ట్రాల ఖజానాలు ఎండిపోతే మొదటి దెబ్బ బడులకే తగిలింది. టీచర్లకు తొలగింపు నోటీసులు వెళ్లాయి. ఆ లోటు పూడ్చడానికే 5,360 కోట్ల డాలర్లతో రాష్ట్రాల ఆర్థిక స్థిరీకరణ నిధి పెట్టారు. పేద పిల్లలున్న బడులకిచ్చే టైటిల్ వన్ గ్రాంటుకు అదనంగా 1,000 కోట్లు, వైకల్యమున్న పిల్లల చదువుకు 1,200 కోట్లకు పైగా ఇచ్చారు.

ఇంత డబ్బు అంత వేగంగా పోతున్నప్పుడు లెక్క అడగడం ప్రభుత్వ ధర్మం. అందులో నాకు రెండో మాట లేదు. చట్టంలోని 1512వ సెక్షన్ ఆ పనే చేసింది. నిధులు పొందిన ప్రతి సంస్థా మూడు నెలలకోసారి, త్రైమాసికం ముగిసిన పది రోజుల్లోపు నివేదిక పంపాలి. ఎంత అందింది, ఎంత ఖర్చయింది, ఏ పనికి, ఆ పని ఎంతవరకు వచ్చింది, 25 వేల డాలర్లు దాటిన చెల్లింపు ఎవరికి వెళ్లింది... ఇవన్నీ రాయాలి. రాష్ట్రం పదో తేదీకి పంపాలంటే దాని కింద ఉన్న స్కూల్ డిస్ట్రిక్టులు అంతకు ముందే పంపాలి. ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే ఒక ఊరి బడులనో, చుట్టుపక్కల కొన్ని ఊళ్ల బడులనో నడిపే బోర్డు. చిన్న డిస్ట్రిక్టులో జీతాల బిల్లులూ, బస్సుల డీజిలూ, మధ్యాహ్న భోజనం లెక్కలూ చూసేది ఒకరిద్దరే. ఆ నివేదికా వాళ్ల నెత్తినే పడింది. వాళ్లు పంపినదంతా నెలాఖరుకు రికవరీ డాట్ గవ్ అనే వెబ్‌సైట్‌లో దేశమంతా చూసేలా పెట్టారు. పైసా పైసా జనం ముందు పెడతామన్న మాట నిలబెట్టుకోవడానికి చేసిన నిజాయితీ గల ప్రయత్నమే అది.

చిక్కంతా ఆ ఉద్యోగాల గడితోనే వచ్చింది. రెండు వందల మంది టీచర్లున్న ఒక డిస్ట్రిక్టు సంగతి ఆలోచించండి. రాష్ట్రం తన వాటా కోసింది. ఆ చిల్లును కేంద్రం డబ్బు పూడ్చింది. టీచర్లందరూ అక్కడే ఉన్నారు, జీతాలు అందుతున్నాయి. ఇప్పుడు ఎన్ని ఉద్యోగాలు నిలిచినట్టు? డబ్బు రాకపోయి ఉంటే డిస్ట్రిక్టును నడిపే సూపరింటెండెంటు ఇరవై మందిని తీసేసేవాడా, అందరికీ నాలుగు రోజుల జీతం కోసేవాడా, క్లాసుకు ఐదుగురు పిల్లల్ని పెంచేవాడా, పాఠ్యపుస్తకాలు కొనడం ఏడాది వాయిదా వేసేవాడా? జరగని దాన్ని ఊహించి, దానికి అంకె కట్టి, సంతకం పెట్టి పంపమన్నారు. బడి దగ్గర జీతాల రిజిస్టరు ఉంటుంది, హాజరు పట్టీ ఉంటుంది. జరగని కోతల చిట్టా ఏ బీరువాలోనూ ఉండదు.

2009 అక్టోబరు 30న తొలి లెక్క బయటికొచ్చింది. దేశం మొత్తం మీద 6,40,329 ఉద్యోగాలు. అందులో సగం దాకా చదువుకు సంబంధించినవే. కొద్ది రోజుల్లోనే పత్రికలు ఆ అంకెల్ని విప్పడం మొదలుపెట్టాయి. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ తన దగ్గర 26 వేలకు పైగా ఉద్యోగాలు నిలిచాయని రాసింది. అంటే దాని సిబ్బందిలో సగానికి పైగా. అంతమందిని తీసేసే ఆలోచన ఎవరికీ లేదు. ఆ డబ్బు ఎందరి జీతాలకు సరిపోయిందో లెక్కగట్టి రాశారంతే. వెబ్‌సైట్‌లో లేని నియోజకవర్గాలూ కనిపించాయి. అప్పట్లో ఎనిమిది నియోజకవర్గాలే ఉన్న అరిజోనాకు పదిహేనోది పుట్టుకొచ్చింది. నవంబరులో ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం, అంటే మన కాగ్ చేసే పనే అక్కడ చేసే సంస్థ, తన పరిశీలన బయటపెట్టింది. మాకు డబ్బు అందలేదు, పైసా ఖర్చు కాలేదు అని రాసిన నివేదికలు దాదాపు 4 వేలు ఉన్నాయనీ, వాటిలో 50 వేలకు పైగా ఉద్యోగాలు చూపించారనీ తేల్చింది.

ఈ తప్పులు పట్టుకుని అప్పట్లో ఎంత గోల జరిగిందో చెప్పనలవి కాదు. ఉద్దీపన మొత్తం దండగని ఒకళ్లు, కాదు దేశాన్ని కాపాడిందని ఒకళ్లు. నాకు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఆ ఫారం నింపినవాళ్ల పక్షాన నిలబడాలనిపిస్తుంది. వాళ్లు అబద్ధమాడలేదు. జవాబు లేని ప్రశ్నకు గడువులోగా జవాబివ్వాల్సి వచ్చింది. ఆ ప్రశ్న బడికి పనికొచ్చేది కాదు, పిల్లలకు పనికొచ్చేది అసలే కాదు. ఉద్దీపన పనిచేసిందా లేదా అన్న వాదనకు వాషింగ్టన్‌లో ఒక అంకె కావాలి. ఆ అంకెను పుట్టించే భారం బడి ఆఫీసు మీద పడింది.

డిసెంబరు 18న శ్వేతసౌధంలోని బడ్జెట్ కార్యాలయం నిబంధన మార్చింది. సృష్టించినవీ, నిలిపినవీ అన్న మాట పక్కన పెట్టి, ఆ మూడు నెలల్లో ఉద్దీపన డబ్బుతో జీతమిచ్చిన పనిగంటలెన్నో కూడి, పూర్తికాలం పనివాడి గంటలతో భాగించమంది. వారానికి 40 గంటల చొప్పున త్రైమాసికానికి 520 గంటలు. ఇది జీతాల రిజిస్టరు చూసి చెప్పగలిగిన లెక్క. వేసవి సెలవుల్లో టీచరును ఎలా లెక్కపెట్టాలి వంటి సందేహాలు మిగిలాయి గానీ, ఊహ పోయి కాగితం వచ్చింది. ఆ తర్వాత నివేదికల్లో రభస చాలావరకు తగ్గింది. జనం ఆసక్తీ అంతే తగ్గింది.

అదే రికవరీ చట్టంలో ఇంకో నివేదిక ఉంది. దాని గురించి అప్పుడు పత్రికలు పెద్దగా రాయలేదు. నా దృష్టిలో అసలు విలువంతా దానిదే. టైటిల్ వన్ ఉద్దీపన నిధులు తీసుకున్న ప్రతి డిస్ట్రిక్టూ ఒక్కసారి, ఒక్కసారి మాత్రమే, 2008-09లో తన బడుల్లో ఒక్కొక్క దానిలో రాష్ట్ర, స్థానిక నిధుల నుంచి పిల్లవాడికి ఎంత ఖర్చయిందో బడివారీగా చెప్పాలన్నారు. రాష్ట్రాలు ఆ పట్టికల్ని 2010 మార్చి 31కల్లా కేంద్రానికి పంపాలి.

ఇందులో కొత్తేముంది అనిపించవచ్చు. కొత్తే. అమెరికాలో ఎన్నో డిస్ట్రిక్టులకు తమ బడుల్లో ఏ బడికి ఎంత ఖర్చవుతోందో అప్పట్లో నిజంగా తెలియదు. బడ్జెట్ పుస్తకంలో టీచరు పోస్టుకు డిస్ట్రిక్టు సగటు జీతం వేసి, ఇన్ని పోస్టులు అని గుణించి బడి ఖర్చు చూపించేవారు. ఒకే డిస్ట్రిక్టులో రెండు బడులనుకోండి. రెండింట్లోనూ 500 మంది పిల్లలు, 25 మంది టీచర్లు. మొదటిది ఉన్నవాళ్ల పేటలో ఉంది. ఇరవయ్యేళ్ల సర్వీసున్న టీచర్లు బదిలీ మీద అక్కడికి చేరారు, సగటు జీతం 70 వేల డాలర్లు. రెండోది పేదల పేటలో ఉంది. కొత్తగా చేరినవాళ్లు వస్తారు, రెండేళ్లుండి వెళ్లిపోతారు, సగటు జీతం 48 వేలు. బడ్జెట్ పుస్తకంలో రెండు బడుల మీదా ఒకే ఖర్చు కనిపిస్తుంది. చేతికి అందిన జీతం లెక్కేస్తే ఏడాదికి 5,50,000 డాలర్ల తేడా, పిల్లవాడికి 1,100 డాలర్లు. ఇది లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్న ఉదాహరణే గానీ, జరుగుతున్నది ఇదే.

1965లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కాలంలో వచ్చిన చట్టం ఈ టైటిల్ వన్ కింద పేద పిల్లల బడులకు కేంద్రం డబ్బు అదనంగా ఇస్తుంది. అది అదనం కావాలంటే అంతకు ముందు స్థానిక నిధులు రెండు రకాల బడులకూ సమానంగా అందాలి. ఆ సమానతను తూచే నిబంధన చట్టంలో ఉంది. కానీ సర్వీసును బట్టి వచ్చే జీతాల తేడాను లెక్కలోకి తీసుకోనక్కర్లేదని అదే నిబంధన మినహాయించింది. సగటు జీతం ఆ తేడాను దాచేసింది, చట్టం ఆ దాపరికానికి రక్ష ఇచ్చింది.

2011 నవంబరులో విద్యాశాఖ ఆ పట్టికలన్నీ కూడి ఫలితం బయటపెట్టింది. టైటిల్ వన్ బడుల్లో 40 శాతానికి పైగా, అదే డిస్ట్రిక్టులో అదే స్థాయి తరగతులున్న ఇతర బడుల కంటే సిబ్బంది మీద పిల్లవాడికి తక్కువ ఖర్చు పెడుతున్నాయని తేలింది. అదనంగా ఇస్తున్నామనుకున్న డబ్బు చాలాచోట్ల లోటు పూడ్చడానికే పోతోందన్నమాట. పౌరహక్కుల ఉద్యమకారులు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన మాటకు దేశం మొత్తం మీద సర్కారీ లెక్క దొరికింది. నాలుగేళ్లకు, 2015 డిసెంబరులో వచ్చిన కొత్త విద్యాచట్టం ప్రతి రాష్ట్రమూ బడివారీగా పిల్లవాడి మీద ఖర్చును, సగటు జీతంతో కాకుండా నిజంగా ఇచ్చిన జీతంతో లెక్కగట్టి, ఏటా ప్రచురించాలని శాసించింది. ఇవాళ టెక్సస్ ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీ ఎడిసన్‌లోనో ఉన్న తెలుగు తల్లి తన పిల్లల బడి మీద ఎంత ఖర్చవుతోందో, పక్క బడి మీద ఎంతో చూడగలుగుతోందంటే ఆ శాసనం వల్లే. మూడు నెలలకోసారి హడావుడిగా పంపిన నివేదికల్లో చాలావాటిని తిరిగి తెరిచినవారు లేరు. ఒక్కసారి అడిగిన లెక్క మాత్రం చట్టంలోకి ఎక్కింది.

కోవిడ్ కాలంలో అమెరికా బడులకు మూడు విడతల్లో కలిపి దాదాపు 19 వేల కోట్ల డాలర్లు ఇచ్చారు. ఆ సారి ఉద్యోగాల గడిని కేంద్రంగా పెట్టలేదు. 2021 నాటి మూడో విడతలో, డిస్ట్రిక్టు తన వాటాలో కనీసం 20 శాతం కోల్పోయిన చదువు తిరిగి అందించడానికే పెట్టాలని, ఖర్చు ప్రణాళికను సాధ్యమైనంత వరకు తల్లిదండ్రులకు అర్థమయ్యే భాషలో రాసి ప్రజల ముందు ఉంచాలని షరతు పెట్టారు. ఆ ప్రణాళికలన్నీ బాగున్నాయని నేను అనను. చదివేవాడెవడో తెలిసి అడిగారు, అది ముందడుగు.

ఇక మన సంగతి. ఆ 2009లోనే మన పార్లమెంటు విద్యాహక్కు చట్టం చేసింది. 21వ సెక్షన్ కింద ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి, అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు. బడికి వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చయిందో కనిపెట్టి చూడటం ఆ కమిటీ పని అని చట్టంలోనే రాశారు. మరి బడుల్లో జరిగేదేమిటి? సమగ్ర శిక్షా నుంచి పిల్లల సంఖ్యను బట్టి గరిష్ఠంగా లక్ష రూపాయల కాంపోజిట్ గ్రాంటు వస్తుంది, అదీ తరచూ ఆర్థిక సంవత్సరం చివర్లో. మార్చి 31లోపు ఖర్చు చేసి వినియోగ ధ్రువీకరణ పత్రం (యూసీ) పంపాలి. హెచ్చెం చాక్‌పీసులు, రిజిస్టర్లు, చీపుర్లు, ఫినాయిలు, కరెంటు బిల్లు వోచర్లు అన్నీ ఒక ఫైల్లో కుట్టి, తీర్మానం తనే రాసి, కమిటీ చైర్మన్‌గా ఉన్న తల్లి ఇంటికి సంతకానికి పంపుతారు. పొలం నుంచి వచ్చిన ఆ తల్లి గుమ్మంలోనే సంతకం పెట్టి ఇచ్చేస్తుంది. యూసీ మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసు మీదుగా పైకి పోతుంది. ఆ కాగితం మళ్లీ ఆ ఊరి ముఖం చూడదు.

వోచరు వోచరుకూ లెక్క అడిగే మనం పెద్ద ఖర్చును అడగం. బడి మీద ప్రభుత్వం పెట్టే ఖర్చులో సింహభాగం జీతాలదే. ఆ జీతం ఏ బడిలో పిల్లవాడికి ఎంత చేరుతోందో చూసుకునే పట్టిక మన తల్లిదండ్రుల ముందు లేదు. మండల కేంద్రంలో రోడ్డు పక్కన ఉన్న బడికి సీనియర్లు బదిలీ పెట్టుకుంటారు. బస్సు పోని తండాలోనో, ఏజెన్సీ గూడెంలోనో ఒక్క సెకండరీ గ్రేడ్ టీచరుతో ఐదు తరగతులు నడుస్తాయి. ఆయన సెలవు పెడితే క్లస్టర్ రిసోర్స్ పర్సన్ (సీఆర్పీ) వచ్చి తాళం తీయాలి. పాడేరు కొండల మీదైనా, ఆసిఫాబాద్ అడవుల్లోనైనా తిరిగినవారెవరికీ ఇది కొత్త సంగతి కాదు. టీచర్లను నేను తప్పుపట్టను, ఎవరైనా తమ పిల్లల చదువు చూసుకునే బదిలీ కోరుకుంటారు. కానీ ఆ తేడాకు ఒక అంకె ఉండాలి, అది ఊరివాళ్ల కళ్ల ముందు ఉండాలి.

ఈ అంకె కోసం హెచ్చెం మీద ఇంకో యాప్ రుద్దాల్సిన పని లేదు. బడుల వివరాలు నమోదు చేసే యూడైస్ పోర్టల్‌తో, హాజరు ఫోటోలతో, మధ్యాహ్న భోజనం ఎంట్రీలతో వాళ్ల మధ్యాహ్నాలు ఇప్పటికే పోతున్నాయి. ప్రతి రెగ్యులర్ టీచరు జీతమూ ట్రెజరీ నుంచే పోతుంది. ప్రతి బడికీ పదకొండంకెల యూడైస్ కోడ్ ఉంది. అడ్డంకి ఒకచోటే ఉంది. చాలా మండలాల్లో ప్రాథమిక పాఠశాలల టీచర్లందరి జీతాలూ ఎంఈవో జీతాల బిల్లు పెట్టే అధికారిగా (డీడీవో) మండలం మొత్తానికి కలిపి బిల్లవుతాయి, దాంతో బడివారీ ఖర్చు ఆ మొత్తంలో కలిసిపోతుంది. ఆ బిల్లులో ఒక్కొక్క టీచరు పేరు పక్కన పనిచేసే బడి యూడైస్ కోడ్ చేరిస్తే, పిల్లల సంఖ్యతో భాగించడం ఖజానా లెక్కలు నడిపే కంప్యూటర్ వ్యవస్థలకు, అంటే ఆంధ్రలో సీఎఫ్ఎంఎస్‌కూ తెలంగాణలో ఐఎఫ్ఎంఐఎస్‌కూ పెద్ద పని కాదు. రెండు ప్రభుత్వాలూ వచ్చే జూన్‌లో బడులు తెరిచేనాటికి ఈ పట్టిక ప్రతి యాజమాన్య కమిటీకీ ఇవ్వాలి. తమ బడి అంకె పక్కన మండలంలోని మిగతా బడుల అంకెలు కూడా తెలుగులో అచ్చువేసి, ఆఫీసు గది బయట గోడకు అంటించాలి.