మనవాళ్ళు లేని ఆట

పిల్లలూ, ఫుట్‌బాల్‌లో గెలవటం ఎలాగో మీకు నేను చెప్పనక్కరలేదు. అవతలి జట్టుకన్న ఒక గోలు ఎక్కువ కొడితే సరి. కాని లీగు గెలవటం అంత తేలిక కాదు. లీగులో ప్రతి జట్టూ మిగిలిన జట్లన్నిటితోనూ రెండేసిసార్లు ఆడాలి. ఒకసారి తన ఊళ్ళో, ఇంకొకసారి వాళ్ళ ఊళ్ళో. ఆట గెలిస్తే 3 పాయింట్లు, సమంగా ముగిస్తే 1, ఓడితే సున్న. ఇలా ఆరు నెలలు ఆడాక పాయింట్లు కూడి చూస్తారు.

ఇందులో ఒక తమాషా ఉన్నది. మన జట్టు ఆదివారం గెలిచిందనుకోండి. మనకు పైనున్న జట్టు సోమవారం ఎక్కడో వెయ్యి మైళ్ళ అవతల గెలిస్తే, ఇద్దరి మధ్య దూరం అంతకు ముందున్నంతే. కనక లీగు ముదిరేకొద్దీ మనవాళ్ళు ఆడే ఆటలే చూస్తే చాలదు. మనవాళ్ళు లేని ఆటలు కూడా చూడవలసి వస్తుంది. అటువంటి ఆట ఒకటి 2024 ఏప్రిల్ 6న మేఘాలయ రాజధాని షిల్లాంగులో జరిగింది. ఆ రోజు ఊపిరి బిగబట్టి కూచున్నవాళ్ళలో మేడ్చల్, షామీర్‌పేట పిల్లలు కొందరున్నారు. వాళ్ళతోపాటు నేనూ ఉన్నాను.

మనకూ షిల్లాంగుకూ ఏమిటి సంబంధం అంటారా? చెబుతాను.

అప్పట్లో మన దేశపు ఫుట్‌బాల్‌లో పై మెట్టు ఇండియన్ సూపర్ లీగు, దాని కింది మెట్టు ఐ-లీగు. 2022–23 నుంచి ఒక నియమం వచ్చింది. ఐ-లీగులో మొదటి స్థానం వచ్చిన జట్టు పై లీగుకు ఎక్కుతుంది. అదీ ఒక్క జట్టే. ఇంగ్లండులో రెండో మెట్టు నుంచి ఏటా 3 జట్లు పైకి పోతాయి గనక కాస్త వెనకబడిన జట్టుకు కూడా ఆశ ఉంటుంది. ఇక్కడ రెండో స్థానానికి చప్పట్లు తప్ప మరేమీ లేవు.

ఈ ఐ-లీగులో మన హైదరాబాదు జట్టు ఒకటుండేది. దాని పేరు శ్రీనిధి దక్కన్. అది 2021–22లో లీగులో అడుగుపెట్టింది. దాని మైదానం అజీజ్‌నగర్‌లో, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల నడుమ ఉన్నది. మేడ్చల్ నగరానికి ఉత్తరాన ఉంటే అజీజ్‌నగర్ నైరుతి దిక్కున ఉన్నది. ఔటర్ రింగు రోడ్డు పట్టుకుని దుండిగల్, పటాన్‌చెరు, కోకాపేట మీదుగా నగరాన్ని సగం చుట్టి పోవాలి. షామీర్‌పేటవాళ్ళకు ఇంకా కాస్త ఎక్కువ. అంచేత మా ప్రాంతంవాళ్ళకు సొంత మైదానంలో ఆటే సగం పరాయి ఊరి ఆట!

ఇంత దూరాన ఉండి ఈ పిచ్చి ఎందుకని అడగకండి. ఈ ప్రాంతానికి ఆ పిచ్చి పాతదే. మేడ్చల్ నుంచి సికిందరాబాదు వచ్చే రైలు దారిలో అమ్ముగూడ అనే చిన్న స్టేషను ఉన్నది. తులసీదాస్ బలరాం 1936లో పుట్టినది ఆ అమ్ముగూడలోనే. ఆయన రెండు ఒలింపిక్సుకు వెళ్ళాడు. 1960 రోము ఒలింపిక్సులో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు కొట్టాడు. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణపతకం గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చిన ఎస్. ఎ. రహీం కూడా హైదరాబాదువాడే. అంతకు ముందు బడిపంతులు. బలరాం 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశాడు. ఆ స్టేషనులో బండి ఆగినప్పుడు కిటికీలోంచి ఒకసారి తొంగి చూడండి.

సరే, అసలు కథకు వద్దాం.

2022–23లో పై లీగుకు ఎక్కే తలుపు మొదటిసారి తెరిచారు. శ్రీనిధి దక్కన్ బాగా ఆడింది. అయితే పంజాబు జట్టు ఇంకా బాగా ఆడింది. 2023 మార్చి 4న ఢిల్లీ అంబేడ్కర్ మైదానంలో రాజస్థాన్ యునైటెడ్‌ను పంజాబువాళ్ళు 4–0తో ఓడించి విజేతలయారు. మన జట్టుకు రెండో స్థానం దక్కింది. మనవాళ్ళు లేని ఆటలో మనవాళ్ళ సంగతి తేలిపోవటం అది మొదటిసారి.

మరుసటి ఏడు జట్లు 13 అయాయి. అంటే ఒక్కొక్క జట్టుకు 24 ఆటలు. ఈసారి ముందు నడిచింది కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్. ఇది సామాన్యమైన జట్టు కాదు. 1891లో పుట్టింది. 1934 నుంచి 1938 దాకా వరసగా అయిదేళ్ళు కలకత్తా లీగు గెలిచింది. ఆ లీగు గెలిచిన మొదటి భారతీయ జట్టు అదే. అటువంటి జట్టు కూడా సూపర్ లీగు గడప ఎన్నడూ తొక్కలేదు. కనక ఆకలి మనకెంతో వాళ్ళకూ అంతే.

హైదరాబాదుకు మరొక బెంగ కూడా ఉండేది. పై లీగులో హైదరాబాదు ఎఫ్. సి. అనే జట్టు ఉండేది. అది 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్సును పెనాల్టీలలో ఓడించి సూపర్ లీగు గెలిచింది. రెండేళ్ళు తిరక్కుండానే ఆ జట్టు డబ్బుకు కటకటలాడి ఆటగాళ్ళను వదులుకోవలసి వచ్చింది. 2025లో అది ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకున్నది. 2024లో ఈ సంగతి ఎవరికీ తెలియకపోయినా, పైన ఉన్నది ఊగుతున్నదని మాత్రం అందరికీ తెలుసు. కింది జట్టు పైకెక్కితే బాగుండునని మేము కోరుకోవటంలో ఆశ్చర్యం లేదుగదా!

మహమ్మడన్ షిల్లాంగులో లాజాంగ్ జట్టుతో ఆడవలసి ఉన్నది. గెలిస్తే ఇక ఎవరూ లెక్కలు వెయ్యనక్కరలేదు. ఓడితే మనకు కొంచెం ఆశ మిగులుతుంది. కాబట్టి ఆ ఒక్కరోజుకు మేమంతా లాజాంగ్ పక్షం.

మా ఆశకు ఒక శాస్త్రీయ కారణం కూడా ఉండేది. షిల్లాంగు సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉన్నది. హైదరాబాదు ఎత్తు 540 మీటర్లు ఉంటుంది. కలకత్తా అయితే సముద్రమట్టానికి ఇంచుమించు సమానమే. మనం పైకి పోయినకొద్దీ గాలి పలచబడుతుంది. హైదరాబాదు గాలితో పోలిస్తే షిల్లాంగు గాలి దాదాపు పదోవంతు పలచన. ఒక గుక్కలో పీల్చిన గాలిలో ప్రాణవాయువు ఆ మేరకు తక్కువ వస్తుంది. ఊరికే నడుస్తుంటే ఈ తేడా తెలియదు. గంటన్నరసేపు పరిగెత్తేవాడికి తెలుస్తుంది. అక్కడే పుట్టి పెరిగినవాళ్ళకు ఒళ్ళు అలవాటుపడి ఉంటుంది. ఎత్తున ఉండేవారి నెత్తురులో ప్రాణవాయువును మోసే ఎర్రకణాలు ఎక్కువవుతాయి. నిన్న దిగినవాడికి ఆ సదుపాయం ఒక్కరోజులో రాదు.

బంతి నడక కూడా మారుతుంది. బంతిని పక్కగా తన్నితే అది బొంగరంలా తిరుగుతూ పోయి గాలిలో వంపు తిరగటం మీరు చూసే ఉంటారు. తిరిగే బంతి గాలిని ఒక పక్కకు నెడుతుంది, గాలి బంతిని రెండో పక్కకు నెడుతుంది. అదే ఆ వంపులోని రహస్యం. పలచని గాలిలో ఈ నెట్టుడు తగ్గి బంతి తక్కువ వంగుతుంది. అడ్డే గాలి కూడా తక్కువ గనక మరికొంచెం దూరం పోతుంది. ఇంట్లో అలవాటైన తన్ను అక్కడ రెండడుగులు అటూ ఇటూ అవుతుంది.

బొలీవియాలోని లాపాజ్ నగరం 3,600 మీటర్ల ఎత్తున ఉన్నది. 2009 ఏప్రిల్ 1న అక్కడికి వెళ్ళిన అర్జెంటీనా 6–1తో ఓడింది. మెస్సీ ఆడాడు, మారడోనా శిక్షకుడు. అయినా గాలి లేకపోతే ఎవరైనా ఏం చేస్తారు? షిల్లాంగు లాపాజ్ కాదనుకోండి. ఆశ ఉన్నవాడు అంత సూక్ష్మంగా ఆలోచించడు.

పరాయి మైదానంలో జనం అరుపులు కూడా ఆటగాళ్ళతో కలిసి ఆడతాయి. 2020లో కరోనా మూలాన జర్మనీలో ఖాళీ మైదానాలలో ఆటలు జరిపారు. అప్పుడు సొంత ఊరి జట్లు గెలవటం తగ్గిపోయింది. కేకలకు అంత బలం ఉన్నది. అయితే ఆ కేకలు అక్కడ ఉండి వెయ్యాలి. మేడ్చల్‌లో కూచుని వేస్తే షిల్లాంగుకు వినపడవు.

అయినా వేశాం. మా పక్కింట్లో ఆరో తరగతి చదివే కుర్రాడు ఒకడున్నాడు. లీగు మొదలైనది మొదలు ఒక నోటుబుక్కులో 13 జట్ల పేర్లూ రాసుకుని, వారం వారం పాయింట్లు చెరిపి దిద్దుతూ ఉండేవాడు. చెరిపి చెరిపి కాగితం చిల్లి పడింది. ఆ రోజు ఫోను చెంబుకు ఆనించి పెట్టి, “తాతా, ఇయ్యాల మనం షిల్లాంగోళ్ళ దిక్కు,” అన్నాడు.

ఆట మొదలై నిమిషమైనా కాలేదు, మహమ్మడన్‌కు ఆడే అర్జెంటీనావాడు అలెక్సిస్ గోమెజ్ గోలు కొట్టేశాడు. పలచని గాలి సంగతి అతని ఊపిరితిత్తులకు తెలిసే లోపలే పని అయిపోయింది! పావుగంట గడిచేసరికి లాజాంగ్‌కు పెనాల్టీ దొరికింది. బ్రెజిలువాడు డగ్లస్ తార్డిన్ దాన్ని గోలు చేశాడు. 1–1. మా అరుపులకు కుర్రాడి నానమ్మ లోపలినుంచి వచ్చింది.

“మనోళ్ళు ఏ అంగీలేసుకున్నరు బిడ్డా?” అని అడిగింది.

“మనోళ్ళు లేరు నానమ్మా. ఇది వేరేటోళ్ళ ఆట.”

“మనోళ్ళు లేని ఆటకు ఇంత లొల్లెందుకురా?”

వాడు నోటుబుక్కు తెరిచి ఆమెకు లెక్క చెప్పబోయాడు. ఆమె శ్రద్ధగానే విన్నది. అంతా విని, “అంటే ఒగలు ఓడిపోవాలని మొక్కుకుంటున్నరన్నట్టు,” అన్నది. వాడు నా వంక చూశాడు. నేను ఫోను వంక చూశాను.

62వ నిమిషంలో రష్యావాడు యెవ్గెనీ కోజ్లోవ్ మహమ్మడన్‌కు రెండో గోలు కొట్టాడు. తరవాత మిగిలిన అరగంటలో లాజాంగ్‌వాళ్ళు ఎంత ప్రయత్నించినా ఫలితం మారలేదు. 2–1. మహమ్మడన్ ఆటగాళ్ళు మైదానంలో కావలించుకుని గంతులు వేశారు. లాజాంగ్‌వాళ్ళకు కప్పు ఆశ ముందే లేదు. ఒక ఆట ఓడిపోయారు, అంతే. ఆ ఊరివాళ్ళకన్న మా కుర్రాడే ఎక్కువ దిగులుపడ్డాడు. అన్నం తినలేదని మర్నాడు వాళ్ళమ్మ చెప్పింది.

లీగు పూర్తయాక నోటుబుక్కు మళ్ళీ తీశాం. మహమ్మడన్ 15 ఆటలు గెలిచి, 7 సమం చేసి, 2 ఓడింది: 52 పాయింట్లు. శ్రీనిధి దక్కన్ 14 గెలిచి, 6 సమం చేసి, 4 ఓడింది: 48 పాయింట్లు. ఏప్రిల్‌లో షిల్లాంగు వైపు చూసి కేకలు వేశామేగాని, తగ్గిన 4 పాయింట్లు అక్కడ పోలేదు. సమంగా ముగిసిన 6 ఆటలలో రెండు గెలిచి ఉంటే 52 అయేవి. ఓడినవాటిలో రెండు గెలిచి ఉంటే 54. 24 ఆటలలో రెండే రెండు! వాటిని మనవాళ్ళు స్వయంగా ఆడారు. ఈ మాట ముందు పట్టుకున్నది నేను కాదు, వాడే. సమంగా ముగిసిన ఆటల చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నలు చుట్టాడు.

ఒకప్పుడు గెలుపుకు 2 పాయింట్లే ఉండేవి. 1981లో ఇంగ్లండు లీగు 3 పాయింట్లు ఇవ్వటం మొదలుపెట్టింది. ప్రపంచ కప్పులో 1994 నుంచి అదే పద్ధతి. ఆటను సమంగా ముగించి చేతులు దులుపుకునేవాళ్ళను గెలుపుకోసం కలియబడేట్టు చెయ్యటానికి ఈ మార్పు తెచ్చారు. పాత పద్ధతిలో ఈ రెండు జట్ల లెక్క ఎంతవుతుందో, తేడా ఎంత ఉండేదో మీరు వేసి చూడండి.

2024–25లో ఈ లెక్కలు కూడా చాలలేదు. గోవా చర్చిల్ బ్రదర్సూ, కాశీ నగరపు ఇంటర్ కాశీ జట్టూ మేమంటే మేము విజేతలమన్నాయి. తగాదా ఆటగాళ్ళ అర్హతను గురించినది. అన్ని ఆటలూ అయిపోయి నెలలు గడిచాక, స్విట్జర్లాండులోని లోజాన్ నగరంలో ఉన్న క్రీడల న్యాయస్థానం 2025 జూలైలో ఇంటర్ కాశీ గెలిచిందని తీర్పు చెప్పింది. ఈసారి తేల్చిన ఆటలో మనవాళ్ళే కాదు, బంతి కూడా లేదు. ఈ సంగతి ఆ నానమ్మకు నేనింకా చెప్పలేదు.