మగపందిని కండ చూసి కొనకండి, లెక్క చూసి కొనండి

పోయిన నెల కరీంనగర్ నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేసిండు. "మామా, రెండు సాంచెలు అమ్మిన పైసలున్నయి. సీమపందుల షెడ్డు పెడుతున్న. విదేశీ మగపంది అని ఒకటి చూపెట్టిన్రు. మస్తు కండ ఉన్నది. కొనమంటవా?" అని అడిగిండు. పందుల మాటెత్తితే మన పద్మానగర్‌లో మొహం చిట్లించేవాళ్లు ఉన్నరు. కానీ సాంచె ఆగిన ఇంటికి అన్నం పెట్టే ఏ పనైనా మర్యాదైనదే. అందుకే పశువుల డాక్టర్లను అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్న.

పది ఆడపందులకు ఒక మగపంది చాలు. అంటే మందలో పుట్టే ప్రతి పిల్లలో సగం దాని రక్తమే. పడుగు చెడితే తాను మొత్తం చెడ్డట్టే.

డెన్మార్క్‌లో 1907 నుంచే పరీక్షా కేంద్రాలు పెట్టిన్రు. ఒక మగపందికి పుట్టిన పిల్లలను పెంచి, కోసి, కొవ్వు మందం కొలిచి, తండ్రి మంచిదో కాదో తేల్చేవాళ్లు. ఇప్పుడు కోసే పని లేదు. 90–100 కిలోల బరువున్నప్పుడు వీపు మీద అల్ట్రాసౌండ్ మిషన్ పెట్టి కొలుస్తరు. కొవ్వు తక్కువుండే గుణం పిల్లలకు బాగా దిగుతుంది. ఈతకు ఎన్ని పిల్లలనే గుణం అంతగా దిగదు.

అట్లని కండ ఒక్కటే చూస్తే మోసపోతం. బెల్జియం దేశపు పీట్రెయిన్ జాతికి కండ ఎక్కువే. కానీ వాటిలో చాలావాటికి బండెక్కించినా బెదిరి చచ్చిపోయే గుణం ఉండేది. కోసిన మాంసం పాలిపోయి నీళ్లు కారేది. దానికి కారణమైన జన్యులోపాన్ని టొరంటో శాస్త్రవేత్తలు 1991లో కనిపెట్టిన్రు. ఇప్పుడు రక్తపరీక్షతో తెలుస్తది.

మన ఎండ సంగతి కూడా చూడాలె. ఎండ దెబ్బ తిన్న మగపందికి కొన్ని వారాల దాకా చూలు నిలిపే శక్తి తగ్గుతది. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల టి-17 రకంలో ముప్పావు వంతు యార్క్‌షైర్, పావు వంతు నాటు రక్తం. కండ సీమదానిది, ఓర్పు నాటుదానిది. మేత కూడా ముఖ్యం. ఉత్త హోటల్ ఎంగిలి పోస్తే ఎంత మంచి తండ్రి పిల్లలైనా కొవ్వే పడతయి.

అల్లునికి నాలుగు మాటలు చెప్పిన: తల్లిదండ్రుల పుస్తకం అడుగు. కొవ్వు కొలత అడుగు. కాళ్లు తిన్నగున్నయా చూడు. దాని బిడ్డలకే దాన్ని కట్టకు. కొత్త పందిని నెలరోజులు మందకు దూరంగా ఉంచమని కూడా చెప్పిన. 2020లో అస్సాం, అరుణాచల్‌లలో బయటపడ్డ ఆఫ్రికన్ పంది జ్వరానికి మందు లేదు. సోకితే మందంతా పోతది.

వాడు పోయి పుస్తకం అడిగితే, అమ్మేటాయన "ఇంపోర్టెడ్ అంటే నమ్మవా?" అన్నడట. అల్లుడు వట్టి చేతులతో తిరిగొచ్చిండు. సాంచెల పైసలు ఇంకా బ్యాంకులనే ఉన్నయి. మా అక్క ఆ రాత్రి నిమ్మళంగ పడుకున్నదట.