అమరుల సాక్ష్యం ఏమైంది?

గ్రీకులో 'మార్టిస్' అన్నా, అరబీలో 'షహీద్' అన్నా అసలు అర్థం సాక్షి. ప్రాణత్యాగానికి పేరు పెట్టేటప్పుడు క్రైస్తవం, ఇస్లాం రెండూ చావుకన్నా సాక్ష్యానికే పెద్దపీట వేశాయి. క్రీ.శ. 680లో కర్బలాలో ఇమామ్ హుస్సేన్ పాలకుడైన యజీద్‌కు విధేయత ప్రకటించడానికి ఒప్పుకోలేదు. ఆ మాట మీద నిలబడినందుకే ప్రాణం పోయింది. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగకు హిందువులూ దట్టీలు కట్టి మొక్కేది ఆ నిలకడకే. 1675లో ఢిల్లీలో శిరచ్ఛేదానికి గురైన గురు తేగ్ బహదూర్ కాశ్మీరీ పండితుల మత స్వేచ్ఛ కోసం నిలబడ్డారని సిక్కులు స్మరించుకుంటారు. పరాయి మతస్థుల హక్కుకు సాక్షిగా నిలవడం ఆ త్యాగాన్ని మరింత ఎత్తున నిలిపింది.

మన మాట అమరుడు. చావు లేనివాడని చెబుతుంది గానీ, ఎందుకు చనిపోయాడో చెప్పదు. మన స్మరణలోనూ అదే లోటు. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో దీక్షకు కూర్చుని డిసెంబరు 15న కన్నుమూశారని, మరుసటి ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిందని బడిపిల్లలకూ తెలుసు. అదే మనిషి 1946లో నెల్లూరులోని వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని నిరాహార దీక్ష చేసిన సంగతి ఎందరికి గుర్తుంది? రాష్ట్రం తెచ్చిన మరణానికి ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం. కులాన్ని నిలదీసిన జీవితాన్ని మాత్రం పక్కన పెట్టాం. మరణం వల్ల మనకు రాష్ట్రం దక్కింది, ఆ జీవితాన్ని తలచుకుంటే మనమే మారాల్సి వస్తుంది.

త్యాగాన్ని ఇలా తూకం వేస్తే అమరులను చిన్నబుచ్చినట్టు కాదా, ఆ బలిదానాలే లేకుంటే ఢిల్లీ కదిలేదా అని కొందరు అడుగుతారు. కదిలించిన మాట నిజం. అయితే ప్రాణం పోతే తప్ప పాలకులు వినలేదంటే ఆ తప్పు పాలకులది. ఆ దారిని మరో కుర్రాడికి ఆదర్శంగా చూపడం మన తప్పవుతుంది. పైగా ప్రాణమివ్వడమే కొలమానమైతే అమాయకులను చంపుతూ చచ్చే మానవబాంబునూ అమరుడనాలి. ఎవరి అమరులు వారికే అన్న వాదనకూ జవాబు ఇక్కడే ఉంది: ఆ మనిషి దేనికి సాక్షిగా నిలిచాడు, దానివల్ల ఎవరి బతుకు విశాలమైంది అని అడగాలి. 1969 తెలంగాణ ఉద్యమంలో నేలకొరిగిన విద్యార్థులు కోరింది కొలువుల్లో న్యాయమైన వాటా. గన్‌పార్కులోని వారి స్మారక స్తూపానికి దండ వేసే నాయకులు ఆ కొలువుల లెక్క కూడా అక్కడే చెప్పాలి. సాక్షి వెళ్లిపోయాక వాంగ్మూలాన్ని నిలబెట్టాల్సింది బతికున్నవాళ్లే.