చెప్పి మరీ లేచిపోయే పెళ్లి



ఈమధ్య ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ వెళ్లిపోయినా ఒక సహోదరి మాత్రం చాప మీదే కూర్చుండిపోయింది. ఏమ్మా అని అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “అయ్యగారూ, మా అమ్మాయి లేచిపోతుందంట. మాకు చెప్పి మరీ లేచిపోతుందంట” అంది. ఒక్క క్షణం నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ సంగతి రాయడానికి ఆ తల్లీ కూతురూ ఒప్పుకున్నారు. పేర్లు మాత్రం రాయను, మీరూ కూపీ లాగవద్దు.

అమ్మాయి అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో ఉద్యోగం చేస్తోంది. పెళ్లికొడుకు ఖమ్మం వైపు అబ్బాయి, విశ్వాసి, అక్కడే ఉంటాడు. రెండు కుటుంబాలకూ సమ్మతమైన సంబంధమే. వాళ్లు అడిగిందల్లా, పర్వతాల మధ్య ఒక సరస్సు ఒడ్డున, పది మందికి మించకుండా, పొద్దున్నే పెళ్లి చేసుకుంటామని. దాన్ని ఆ దేశంలో ‘ఎలోప్‌మెంట్’ అంటారు. ఇక్కడ మేనల్లుడు ఫోన్‌లో అర్థం వెతికి “అత్తా, అంటే లేచిపోవడం” అని చెప్పేశాడు. పాత అర్థం అదే, వాడు అబద్ధమేమీ చెప్పలేదు. కానీ ఇప్పుడక్కడ ఆ మాటను ఆర్భాటం లేని అతి చిన్న పెళ్లికి కూడా వాడుతున్నారు. అమ్మానాన్నలకు తెలిసే, చాలాసార్లు వాళ్లు పక్కన ఉండగానే జరుగుతుంది.

తల్లికి ఆ మాట విడమరిచి చెప్పాక కాస్త కుదుటపడింది. తండ్రి కుదుటపడలేదు.

ఆయన్ని కలవడానికి కొల్లేరు దిగువన ఆయన చేపల చెరువు గట్టు మీదకు వెళ్లాను. తవుడు సంచులు కర్రలకు కట్టిస్తున్నాడు. రెండు నెలలుగా కూతురితో మాట్లాడటం లేదు. ఆయన ఆలోచన మీకు తెలియనిది కాదు. మందిరం ఆవరణలో పెద్ద పందిరి, వెయ్యి మందికి భోజనాలు, బంధువులందరికీ బట్టలు. అందుకోసం చెరువు కౌలు ముందే తీసేసుకుని, మిగతాది వడ్డీకి తెద్దామనుకున్నాడు. ఇది తెలిసే కూతురు వద్దంది. పైగా ఇప్పుడు ఇండియాకు వస్తే తిరిగి వెళ్లడానికి వీసా స్టాంపింగ్ ఎప్పటికవుతుందోనన్న భయం ఆ ఇద్దరికీ ఉంది. నేనిదంతా చెబుతుంటే ఆయన చేతులు కడుక్కుని నా వైపు తిరిగి, “నీళ్ల పక్కన పెళ్లేంటి అయ్యగారూ? నేను పుట్టినప్పటి నుంచీ నీళ్ల పక్కనే ఉన్నాను. ఇందులో చూడ్డానికేముంది?” అన్నాడు.

నిజమే. మనకు కొల్లేరంటే దృశ్యం కాదు. నత్తగుల్ల కొంగలను, పెలికాన్ పక్షులను చూడటానికి ఆటపాక వచ్చేవాళ్లకు అది అందం. 2006లో అధికారులు చెరువు గట్లు కొట్టేస్తుంటే ఒడ్డున నిలబడి చూసిన వాళ్లకు అది అన్నం, అప్పు. అందుకే ఆ తండ్రి మాటను మొండితనమని కొట్టిపారేయలేకపోయాను. కానీ ఈ విషయంలో నేను కూతురి పక్షాన ఉన్నాను. ఎందుకో చెప్పాలంటే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

చాలా ఏళ్ల క్రితం మన సంఘంలోనే ఒక అబ్బాయి వచ్చి, “అయ్యగారూ, మా పెళ్లి కొల్లేరు గట్టు మీద చేస్తారా?” అని అడిగాడు. నేను ఎందుకని కూడా అడగలేదు. “దేవుని మందిరం ఉండగా గట్టేమిటి? సినిమా షూటింగా?” అన్నాను. ఆ మాట అన్నందుకు చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, నాకూ బాగానే అనిపించింది. తర్వాత తెలిసింది అసలు కారణం. అమ్మాయి తరఫువాళ్లు మన విశ్వాసం వాళ్లు కాదు. ఆమె తండ్రి మందిరం గడప తొక్కనన్నాడు, కానీ గట్టు మీద చేస్తే వచ్చి నిలబడతానన్నాడట. ఆ గట్టు అందం కోసం కాదు, ఒక తండ్రి కాలు మోపగల చోటు కోసం అడిగారు. నేను కాదన్నాక రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకున్నారు. ఆ తండ్రి రాలేదు. ఆ అబ్బాయి మళ్లీ మందిరానికి రాలేదు. దానికి నేను ఎవరి మీదా నెపం వేయలేను.

ఆ తర్వాత వివాహాల గురించి వాక్యాన్ని వేరే కళ్లతో చదవడం మొదలుపెట్టాను. ఇస్సాకు సాయంకాలం పొలంలో ధ్యానిస్తూ ఉండగా రిబ్కా ఒంటెల మీద వచ్చింది. ఆమెను తన తల్లి గుడారంలోకి తీసుకుపోయాడు. అక్కడ మందిరమూ లేదు, బలిపీఠమూ లేదు. రూతును పెండ్లాడేముందు బోయజు చేసింది చూడండి. ఊరి గవిని దగ్గర, పొద్దున్నే అందరూ పొలాలకు పోయే దారిలో కూర్చుని, పదిమంది పెద్దలను కూర్చోబెట్టుకుని, వాళ్లూ ప్రజలూ సాక్షులుగా మాట ఇచ్చాడు. కానాలో మన ప్రభువు అద్భుతం చేసింది పెళ్లి ఇంట్లోనే. ఇక సరస్సుల సంగతి చెప్పనే అక్కర్లేదు. మన ప్రభువు సీమోను దోనె ఎక్కి ప్రసంగించింది గెన్నేసరెతు ఒడ్డునే. కాబట్టి ఆరుబయట పెళ్లి అపవిత్రమని ఎవరైనా అంటే నేను ఇప్పుడు ఒప్పుకోను. గోడలు లేకపోవడం వివాహానికి లోటు కాదు. సాక్షులు లేకపోతేనే లోటు.

ఇక్కడే ఆ పిల్లలిద్దరితో నాకు చిన్న వాదన జరిగింది. కొలరాడో చట్టం ప్రకారం పాస్టరు అక్కర్లేదు, మేజిస్ట్రేటు అక్కర్లేదు, సాక్షులు కూడా అక్కర్లేదు. 30 డాలర్లు కట్టి లైసెన్సు తీసుకుని, 35 రోజుల్లోగా ఎక్కడో ఒకచోట ఒకరికొకరు మాట ఇచ్చుకుని, తామే సంతకాలు చేసి, 63 రోజుల్లోగా ఆ కాగితం తిరిగి ఇస్తే పెళ్లి అయిపోయినట్టే. మొదట వాళ్లు అలాగే అనుకున్నారు, ఇద్దరే, ఒక ఫొటోగ్రాఫరు. మన దేశంలో 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. పెళ్లి ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు జరగాలంటుంది, కొన్ని మినహాయింపులున్నాయి. పాస్టరు కాక ఇద్దరు సాక్షులైనా ఉండాలంటుంది. ఆ వేళల నియమం నాకు పెద్దగా అర్థం కాదు కానీ, ఆ ఇద్దరు సాక్షుల మాట మాత్రం బాగా అర్థమవుతుంది.

“అమ్మా, చట్టం వద్దంది కదా అని సాక్షుల్ని మీరూ వద్దనుకోకండి” అన్నాను. “ఏదో ఒకరోజు మీరిద్దరూ గట్టిగా పోట్లాడుకుంటారు. ఆరోజు మీరిచ్చిన మాటను మీకు గుర్తు చేయడానికి ఆ రోజు అక్కడ నిలబడ్డ మనిషి ఒకరు కావాలి. ఫొటో ఆ పని చేయదు.” అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే అమ్మ నడవగలిగే చోటు వెతకాలి” అంది.

అంతకుముందు వాళ్లు మనసు పడింది డ్రీమ్ లేక్ మీద. రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో, దాదాపు 9,900 అడుగుల ఎత్తున ఉన్న సరస్సు. ఫొటోలు నేనూ చూశాను, అది దేవుని చేతిపనే, మాట తిప్పను. కానీ బేర్ లేక్ దగ్గర కారు దిగి మైలుకు పైగా కొండదారిలో ఎక్కాలి. తల్లికి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. పైగా ఆ పార్కులో ఎక్కడపడితే అక్కడ పెళ్లి చేసుకోనివ్వరు. వివాహాలకని కొన్ని చోట్లు నిర్ణయించారు, డ్రీమ్ లేక్ వాటిలో లేదు. నిర్ణయించిన చోటికైనా రుసుము కట్టి ముందుగా అనుమతి తీసుకోవాలి. అనుమతి ఉందని చోటంతా మనదైపోదు, పక్కనుంచి పర్యాటకులు నడుస్తూనే ఉంటారు. పూలరేకులు చల్లకూడదు, డ్రోన్ ఎగరేయకూడదు. ఈ నియమాలు విన్నప్పుడు నాకు ముచ్చటేసింది. మన పెళ్లి పందిరి తీశాక మిగిలే ప్లాస్టిక్ గ్లాసుల గుట్ట గుర్తొచ్చింది.

చివరికి స్ప్రేగ్ లేక్ ఎంచుకున్నారు. ఇది దాదాపు 8,700 అడుగుల ఎత్తున ఉంటుంది. కారు ఆపే చోటు ఒడ్డు పక్కనే. చుట్టూ చదునైన బాట, చక్రాల కుర్చీ కూడా పోతుంది. ఒడ్డున నిలబడి పడమటికి చూస్తే హాలెట్ శిఖరం, దాని వరుస కొండలు ఎదురుగా ఉంటాయి. సూర్యుడు వెనుక నుంచి లేస్తాడు కాబట్టి వెలుగు ముందు కొండ తలల మీద పడి, మెల్లగా నీళ్ల దాకా దిగుతుందట. ఆ వేళలో గాలి తక్కువ, నీళ్లు అద్దంలా ఉంటాయి. మధ్యాహ్నం పెళ్లి పెట్టుకోవద్దని నేనూ గట్టిగా చెప్పాను. ఎండాకాలమంతా ఆ కొండల్లో మధ్యాహ్నమయ్యేసరికి మబ్బులు కమ్మి పిడుగులు పడటం మామూలు. గలిలయ సముద్రమూ అంతే కదా, సముద్రమట్టానికి 200 మీటర్ల కంటే దిగువన కొండల మధ్య గిన్నెలా ఉంటుంది. గాలి కొండల మీద నుంచి దిగిందంటే చేపలు పట్టి బతికిన శిష్యులే కేకలు పెట్టారు.

సెప్టెంబరు మూడో వారంలో బుధవారం పెట్టుకున్నారు. అప్పటికి ఆస్పెన్ చెట్ల ఆకులు పసుపు తిరుగుతాయి, వారం మధ్యలో జనం కాస్త తక్కువ. తల్లికి నేనిచ్చిన సలహా ఒక్కటే, దిగిన మర్నాడే కొండ ఎక్కవద్దని. ఊటీ కంటే ఎత్తైన చోటు అది, మనం సముద్రమట్టం మీద బతికేవాళ్లం. మూడు నాలుగు రోజులు డెన్వర్‌లో ఉండి, నీళ్లు బాగా తాగి, అప్పుడు పైకి వెళ్లమన్నాను. పొద్దున్నే చలి వణికిస్తుంది, పట్టుచీర మీద స్వెట్టరు వేసుకోవడానికి సిగ్గుపడొద్దని కూడా చెప్పాను. అక్కడి తెలుగు సహవాసం పాస్టరుగారు వచ్చి వివాహం జరిపిస్తారు.

నేను కూతురి పక్షాన ఉన్నానన్నాను కదా, ఒక్క విషయంలో కాదు. మొదట చోటు చూసుకుని తర్వాత ఎవరు రాగలరో లెక్కపెట్టడం తలకిందుల వరుస. మన ఊళ్లలోనూ ఇప్పుడు ఇది మొదలైంది. పెళ్లికి ముందు ఫొటోల కోసం లక్నవరం పోతారు, పాపికొండలు పోతారు, అప్పు చేసి మరీ పోతారు. వెయ్యి మంది భోజనాలకు అప్పు చేసే తండ్రిని తప్పుబట్టే పిల్లలు, ఆ ఫొటోలకు చేసే అప్పును లెక్కలోకి తీసుకోరు. ఈ అమ్మాయి అలా చేయలేదు. డ్రీమ్ లేక్ వదులుకోవడం తనకు తేలిక కాలేదని గొంతులోనే తెలిసింది.

తండ్రి దగ్గరకు మళ్లీ వెళ్లాను, పోయిన మంగళవారం. పెద్దకూతురి పురుడుకు వెళ్లినప్పుడు తీసుకున్న పదేళ్ల వీసా ఆయనకూ ఉంది. ఫోన్‌లో స్ప్రేగ్ లేక్ బొమ్మ చూపించాను. అద్దాలు పైకి జరిపి చాలాసేపు చూశాడు. ఆయన చూసింది కొండల్ని కాదు, గట్టుని.

“ఇది తవ్విన చెరువులా ఉందే” అన్నాడు.

నేను ఆశ్చర్యపోయాను. నిజంగానే అది సహజమైన సరస్సు కాదు. అబ్నర్ స్ప్రేగ్ అనే ఆయన అక్కడ బస నడుపుతూ, అతిథులు చేపలు పట్టుకోవడానికి వాగుకు అడ్డుకట్ట వేయించి చేసిన చెరువు అది. ఆ సంగతి చెప్పాను.

“చేపలున్నాయా?”

“ట్రౌట్ ఉంటుందంట.”

ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. తవుడు సంచి కట్టు సరిచేస్తూ, సెప్టెంబరు రెండో వారానికల్లా పట్టుబడి అయిపోవచ్చు, బావమరిది ఉంటే చూసుకుంటాడు అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. నేను ఇంకేమీ అడగలేదు. దయచేసి మీరూ ఆయన్ని ఆపి అడగవద్దు, మన ఊరి సంగతి నాకు తెలుసు.

పెళ్లి అక్కడి సమయం ఉదయం ఏడున్నరకు. మనకు అదే బుధవారం సాయంత్రం ఏడు. ఆ కొండల్లో ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోలేం కాబట్టి తెర మీద చూపిస్తామని ఎవరికీ మాట ఇవ్వడం లేదు. ఆరోజు వారపు ప్రార్థన ఉంది, ఎప్పుడూ ఏడున్నరకు మొదలుపెడతాం. ఆ ఒక్కరోజు అరగంట ముందే రండి. భోజనాలు ఉండవు, టీ ఉంటుంది.