సాఫ్ట్‌వేర్ పరీక్ష: చేతితో నేర్వవలసిన విద్య

కంప్యూటరు విద్య నభ్యసించు విద్యార్థులలో ప్రోగ్రాము వ్రాయవలెనను ఉత్సాహము మెండుగా ఉన్నది. వ్రాసిన దానిని పరీక్షింపవలెనను శ్రద్ధ మాత్రము అంతగా కానరాదు. పరీక్ష యనగా ఆఖరున చేయు చిల్లరపని యనియు, ప్రోగ్రాము వ్రాయలేనివారికి మిగులు పని యనియు ఒక అభిప్రాయము ప్రబలియున్నది. ఇది సరికాదని మేము భావించుచున్నాము. ఈ విద్యను నిర్వచనములు వల్లించి కాక, స్వహస్తములతో పనిచేసి నేర్చుకొనవలెనని మా దృఢవిశ్వాసము.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రమున, స్నోబర్డ్ అను కొండ విడిదిలో 17 మంది నిపుణులు సమావేశమై, 'ఎజైల్' పద్ధతికి మూలసూత్రములను రూపొందించిరి. సాఫ్ట్‌వేరును చిరకాలము నిర్మించి చివర ఒక్కసారిగా అప్పగించుటకు మారుగా, కొద్ది వారముల కొకసారి పనిచేయు భాగమును సిద్ధపరచి చూపుట ఈ పద్ధతికి ప్రాణము. అనేక జట్లలో ఈ గడువు రెండు వారములే. చిక్కు ఇచ్చటనే ఉన్నది. క్రొత్త భాగము చేరినప్పుడెల్ల పాత భాగము చెడినదేమో చూడవలెను. మొదటి గడువులో పది అంశములు చూచిన చాలుననుకొన్నచో, పదవ గడువు నాటికి అవి నూరగును. గడువు మాత్రము పెరుగదు. ప్రతి పర్యాయము ఆ నూరింటిని మనిషి విసుగు లేక చూడజాలడు. ఆ శ్రమను యంత్రమునకు అప్పగించుటయే టెస్ట్ ఆటోమేషన్.

సాధనములకు కొదువ లేదు. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా అనువారు జావా భాష కొరకు జేయూనిట్‌ను రూపొందించిరి. 2004లో జేసన్ హగ్గిన్స్ వెబ్ పుటలను మనిషి వలె నొక్కి చూచు సెలీనియంను ప్రారంభించెను. పైథాన్ భాషకు పైటెస్ట్ కలదు. ఇవన్నియు ఉచితముగా లభించునవే. కావున ధనాభావము సాకు కాజాలదు. కొరత యున్నది అభ్యాసమునకే.

ఆ అభ్యాసమునకు పెద్ద సంస్థ యొక్క పని అవసరము లేదు. గ్రంథాలయ ప్రోగ్రాము ఒకటి చాలును. పుస్తకమును 14 దినములలో తిరిగి ఈయవలెననియు, ఆపై దినమునకు ఒక రూపాయి జరిమానా యనియు అనుకొందము. 14వ దినమున జరిమానా సున్న కావలెను. 15వ దినమున ఒక రూపాయి కావలెను. ఫిబ్రవరి 20న తీసికొన్న పుస్తకమునకు గడువు మార్చి 6న ముగియవలెను. లీపు సంవత్సరమున మార్చి 5ననే ముగియవలెను. తప్పులు దాగునది ఇట్టి సరిహద్దులయందే. ఒక్కొక్క ప్రశ్నను ఒక్కొక్క పరీక్షగా వ్రాయవలెను. పిదప ప్రోగ్రామును బుద్ధిపూర్వకముగా చెడగొట్టి, పరీక్ష ఆ తప్పును పట్టుచున్నదో లేదో చూడవలెను. తప్పు కనబడినను విఫలము కాని పరీక్ష నిద్రించు కావలివాని వంటిది.

ఉర్దూ, తెలుగు భాషలు రెండును వినబడు కళాశాలలోని విద్యార్థులకు ఈ రంగమున ఒక ప్రత్యేక బలము కలదు. 'లక్ష్మి' అను పేరు కంటికి రెండక్షరములు. యూనికోడ్ లెక్కలో ఏడు సంకేతములు. అక్షరములను తప్పుగా లెక్కించు ప్రోగ్రాము ఆ పేరును నడుమనే ఖండించును. ఉర్దూలో 'సయ్యద్' అని వ్రాయునపుడు నడుమ వచ్చు 'యే', అరబ్బీ 'యా' ఒకే రూపమున కనబడును. వాటి సంకేత సంఖ్యలు వేరు. ఒక విధముగా నమోదైన పేరు మరియొక విధముగా వెదకినచో దొరకకపోవచ్చును. విద్యార్థి వేతనము కోరువాని పేరే జాబితాలో దొరకనిచో, ఆ నష్టము చిన్నదా? 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అను తెలుగు అక్షరము, కంటికి కనబడని ఒక విభజన సంకేతముతో కూడి వచ్చినపుడు, ఐఫోన్లలోని సందేశ సాధనములు కుప్పకూలెను. ఆపిల్ సంస్థ అదే మాసమున సవరణ విడుదల చేయవలసి వచ్చెను. ఇట్టి ప్రశ్నలను ముందుగా ఊహింపగలవారు ఆ భాషలలో చదువను వ్రాయను నేర్చినవారే కదా!

యంత్రమే సర్వము చూచునని మా వాదన కాదు. చెప్పినది చెప్పినట్లు వేయిసార్లు చూచుట యంత్రము పని. ఏమి చూడవలెనో నిర్ణయించుట మనిషి పని. కేవలము మీటలు నొక్కి చూచుటయే నేర్చినవారికి, ఆ పనిని యంత్రము చేపట్టిననాడు నిలువనీడ దొరకదు. ఆలోచించి పరీక్షలు వ్రాయగలవారికి జట్టులో గౌరవస్థానము లభించును.

కావున కళాశాల కార్యవర్గము వారికి మా మనవి యిది. వారమునకు రెండు గంటలు ప్రయోగశాలను ఈ అభ్యాసమునకు కేటాయింపవలెను. నలుగురేసి విద్యార్థుల జట్లు రెండు వారముల గడువుతో పనిచేయుచు, వ్రాయువారును పరీక్షించువారును స్థానములు మార్చుకొనవలెను. అందమైన అట్టతో కుట్టించిన ప్రాజెక్టు నివేదికకే మార్కులన్నియు ఈయక, విద్యార్థులు వ్రాసిన పరీక్షలకును కొంత భాగము కేటాయింపవలెను. విద్యార్థి సోదర సోదరీమణులకు మా మాట: ధ్రువపత్రము కొరకు వేచియుండవలదు. నేడే ఒక చిన్న ప్రోగ్రామునకు ఒక చిన్న పరీక్ష వ్రాయుడు. పరీక్షింపని పని పూర్తియైన పని కాదు.